ఎర్రర్ రాని తప్పును పట్టుకోవడం: స్పైస్ మోడల్ కన్వర్టర్ రాయడానికి సమగ్ర మార్గదర్శి

ఒక వోల్టేజ్ రెగ్యులేటర్ ఐసీ మోడల్ మీ చేతికి పీస్పైస్ ఫైలుగా వస్తుంది. మీ దగ్గరున్నది ఎన్‌జీస్పైస్. రెండూ స్పైస్ కుటుంబంలోని సర్క్యూట్ సిమ్యులేటర్లే, అంటే సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో లెక్కకట్టే ప్రోగ్రాములు; ఫైళ్ల రాత మాత్రం కాస్త వేరు. ఫైలు తెరిస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది: రెసిస్టర్లు, కెపాసిటర్లు, కొన్ని కంట్రోల్డ్ సోర్సులు, చివర్లో నాలుగైదు డాట్ మోడల్ (.model) లైన్లు. పది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు రాస్తే పనైపోతుందనిపిస్తుంది. నా మొదటి కన్వర్టర్ అలా పుట్టిందే. అది మార్చిన ఫైళ్లు ఒక్క ఎర్రర్ లేకుండా రన్ అయ్యాయి. అయితే ఒక రెగ్యులేటర్ అవుట్‌పుట్ మాత్రం ఉండాల్సిన చోట లేదు. కారణం దొరకడానికి వారం పట్టింది. ఆ కారణమేమిటో కింద గ్రౌండ్ గురించి చెప్పేటప్పుడు రాస్తాను.

మార్చిన ఫైలును సిమ్యులేటర్ తిరస్కరిస్తే పెద్ద నష్టం లేదు. ఎక్కడో తప్పుందని వెంటనే తెలిసిపోతుంది. ఫైలును ఒప్పుకుని, చక్కటి గ్రాఫు గీసి, తప్పు అంకె ఇచ్చినప్పుడే ప్రమాదం. ఆ అంకెను నమ్మి ఎవరో బోర్డు చేయిస్తారు. అందుకే కింద చెప్పే ప్రతి మెట్టులోనూ నేను ముందు అడిగేది ఒకటే: ఇక్కడ చప్పుడు లేకుండా ఏది తప్పిపోగలదు?

ఇన్ని మాండలికాలు ఎక్కడివి

స్పైస్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీలో పుట్టింది. డోనాల్డ్ పెడర్సన్ దగ్గర పనిచేసిన లారెన్స్ నాగెల్ దాన్ని రాశారు; 1973లో బయటి ప్రపంచానికి చూపించారు. 1975లో స్పైస్2 వచ్చింది. అది ఫోర్‌ట్రాన్. 1989లో సీ భాషలో స్పైస్3 వచ్చింది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉండటంతో ఎవరికి వారు తీసుకుని తమకు కావలసినవి చేర్చుకున్నారు. హెచ్‌స్పైస్, 1984లో పర్సనల్ కంప్యూటర్ల కోసం వచ్చిన పీస్పైస్, తర్వాత ఎల్‌టీస్పైస్, ఎన్‌జీస్పైస్ అన్నీ ఆ చెట్టు కొమ్మలే. స్పెక్టర్ అనే మరో సిమ్యులేటర్ తనదైన భాష పెట్టుకుని, స్పైస్ రాతను కూడా చదువుతుంది. అందరూ తలవంచాల్సిన భాషా ప్రమాణం ఏనాడూ లేదు. కాబట్టి మీరు రాయబోయేది ఒకే భాష మాట్లాడే బంధువుల మధ్య దుబాసీ పని. వేర్వేరు భాషల మధ్య అనువాదం కంటే ఇదే కష్టం, ఎందుకంటే ఒకే మాటకు ఇంటింటికీ అర్థం వేరు.

మెట్టు 1: ఒక్క జతతో మొదలుపెట్టండి

అన్ని ఫార్మాట్ల నుంచి అన్ని ఫార్మాట్లకూ మార్చాలనే ఆశను మొదట్లో పక్కన పెట్టండి. ఒక మూలం, ఒక గమ్యం చాలు. పీస్పైస్ నుంచి ఎన్‌జీస్పైస్ మంచి జత: ఐసీ కంపెనీలు ఇచ్చే మోడళ్లు ఎక్కువగా పీస్పైస్‌లో దొరుకుతాయి, ఎన్‌జీస్పైస్‌ను ఎవరైనా ఉచితంగా దించుకుని పరీక్షించవచ్చు.

కోడ్ ముట్టుకునే ముందు ఇప్పటికే ఉన్న పనిని చూడండి. ఎన్‌జీస్పైస్‌లోనే పీస్పైస్, ఎల్‌టీస్పైస్, హెచ్‌స్పైస్ ఫైళ్లను చదివే అనుకూలత మోడ్‌లు ఉన్నాయి. శాండియా నేషనల్ ల్యాబొరేటరీస్ వారి జైస్ సిమ్యులేటర్‌కు తోడుగా ఎక్స్‌డీఎం అనే నెట్‌లిస్ట్ (సర్క్యూట్‌ను లైన్లుగా రాసిన ఫైలు) అనువాదకం ఉంది. దాని సోర్స్ కూడా బహిరంగమే. రెండిటి కోడూ చదివితే ఏయే చోట్ల పెద్దవాళ్లు కూడా జాగ్రత్తపడ్డారో తెలుస్తుంది.

తర్వాత ఒక ఫోల్డరులో యాభై అరవై నిజమైన మోడల్ ఫైళ్లు పోగేయండి. డయోడ్, బీజేటీ, మాస్‌ఫెట్, ఆప్‌యాంప్, కంపారేటర్, పీడబ్ల్యూఎం కంట్రోలర్, ఇలా రకరకాలవి. మాన్యువల్ చెప్పేది వేరు, జనం రాసిన ఫైళ్లలో ఉండేది వేరు. మీ పార్సర్‌కు, అంటే ఫైలు చదివి భాగాలుగా విడదీసే కోడ్‌కు, అసలు పరీక్ష ఈ ఫోల్డరే.

మెట్టు 2: అక్షరాల నుంచి టోకెన్లకు

మొదటి గొడవ ఎన్‌కోడింగ్. మైక్రో గుర్తు పాత ఫైళ్లలో లాటిన్-1 ప్రకారం ఒకే బైటు, కొత్త ఫైళ్లలో యూటీఎఫ్-8 ప్రకారం రెండు బైట్లు. పైగా యూనికోడ్‌లో మైక్రో గుర్తు వేరు, గ్రీకు మ్యూ అక్షరం వేరు. చూడ్డానికి రెండూ ఒకటే. ముందు యూటీఎఫ్-8గా చదవండి, కుదరకపోతే లాటిన్-1గా చదవండి, అన్ని రూపాలనూ మామూలు యూ అక్షరంగా మార్చేయండి.

తర్వాత లైన్లు. ప్రధాన సర్క్యూట్ ఫైలులో మొదటి లైను శీర్షిక. అందులో ఏమున్నా సిమ్యులేటర్ పట్టించుకోదు. ఇంక్లూడ్ చేసే లైబ్రరీ ఫైలుకు ఈ నియమం లేదు. లైబ్రరీని ప్రధాన ఫైలులా చదివితే మొదటి లైనులోని డాట్ సబ్‌సర్క్యూట్ (.subckt, ఒక సర్క్యూట్ ముక్కకు పేరు పెట్టే లైను) మాయమవుతుంది. అందుకే ఫైలు ఏ రకమో పార్సర్‌కు బయటి నుంచి స్పష్టంగా చెప్పండి, ఊహించనివ్వకండి. + గుర్తుతో మొదలయ్యే లైను పై లైనుకు కొనసాగింపు. కొనసాగింపుల మధ్య కామెంట్ లైనో ఖాళీ లైనో రావచ్చు; వాటిని దాటి కలపాలి. కలిపేటప్పుడు ప్రతి ముక్కా అసలు ఫైలులో ఏ లైనుదో గుర్తుపెట్టుకోండి. లైను నంబరు చెప్పలేని ఎర్రర్ మెసేజ్‌తో మూడు వేల లైన్ల ఫైలులో ఎవరూ ఏమీ చేయలేరు.

కామెంట్లు తేలికగా కనిపించి ముంచే చోటు. లైను మొదట్లో * అందరికీ కామెంటే. లైను మధ్యలో పీస్పైస్, ఎల్‌టీస్పైస్ సెమీకోలన్ (;) వాడితే హెచ్‌స్పైస్ $ వాడుతుంది. మరి పీస్పైస్‌లో $ గుర్తు నోడ్ పేరు మొదట్లో వస్తుంది: డిజిటల్ సప్లై నోడ్లు $G_DPWR అనే తరహాలో ఉంటాయి. $ తర్వాత అంతా కోసేసే కోడ్ ఆ నోడ్లతో పాటు లైనులో మిగతా సగాన్నీ మింగేస్తుంది. అందుకని కామెంట్ నియమాలు లెక్సర్‌లో (అక్షరాలను టోకెన్లుగా, అంటే విడి మాటలుగా కోసే భాగంలో) నేరుగా రాయకుండా, మూల మాండలికాన్ని బట్టి అమర్చుకునేలా పెట్టండి.

ఇక అంకెలు. స్పైస్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా లేదు. ఎం అంటే ఎప్పుడూ మిల్లీ. మెగాకు మెగ్ అనే మూడక్షరాలు రాయాలి. మిల్ అని రాస్తే 25.4 మైక్రోమీటర్లు. ఎఫ్ అంటే ఫెమ్టో, కాబట్టి ఒక ఫారడ్ అనుకుని 1ఎఫ్ రాసినవారికి దక్కేది పది టు ది పవర్ మైనస్ 15 ఫారడ్. స్పెక్టర్ భాషలో మాత్రం పెద్ద ఎం మెగా, చిన్న ఎం మిల్లీ. స్పైస్‌లో పెద్ద ఎం అక్షరంతో ఉన్న విలువను అలాగే స్పెక్టర్‌కు పంపితే తేడా వంద కోట్ల రెట్లు. హెచ్‌స్పైస్‌లో ఎక్స్ కూడా మెగాయే. బర్క్లీ స్పైస్‌కు ఆ అక్షరం తెలియదు, వదిలేస్తుంది. 4కె7 అనే రాత ఎల్‌టీస్పైస్‌కు 4.7 కిలో, పాత స్పైస్‌కు 4 కిలో. ఇందులో ఏ ఒక్కటీ ఎర్రర్ ఇవ్వదు.

మెట్టు 3: పార్సర్

స్పైస్ లైనును ఎడమ నుంచి కుడికి ఒక్కసారి చదివి అర్థం చేసుకోలేం. బీజేటీ (బైపోలార్ ట్రాన్సిస్టర్) లైను తీసుకోండి: పేరు, కలెక్టర్, బేస్, ఎమిటర్, ఆపై సబ్‌స్ట్రేట్ నోడ్ ఉండొచ్చు ఉండకపోవచ్చు, తర్వాత మోడల్ పేరు, ఆపై ఏరియా ఉండొచ్చు. ఐదో మాట నోడా, మోడలా? ఆ ఫైలులో ఏయే మోడల్ పేర్లున్నాయో తెలిస్తేనే చెప్పగలం. కాబట్టి రెండు విడతలుగా చదవండి. మొదటి విడతలో ఇంక్లూడ్ ఫైళ్లన్నీ తిరిగి మోడళ్లు, సబ్‌సర్క్యూట్లు, పారామీటర్ల పేర్లు, ఏది దేని లోపల ఉందో పోగేయండి. రెండో విడతలో కాంపోనెంట్ లైన్లను విడదీయండి.

కాంపోనెంట్ లైన్లకూ ఎక్స్‌ప్రెషన్లకూ లెక్సర్లు వేరు చేయండి. లైనులో కామాలు, బ్రాకెట్లు చాలాచోట్ల ఖాళీతో సమానం. ఎక్స్‌ప్రెషన్‌లో అవే ప్రాణం. పైగా పీస్పైస్ మోడళ్లలో నోడ్ పేర్లు ఇన్+, ఇన్- అని ఉంటాయి. ఎక్స్‌ప్రెషన్‌లో వోల్టేజ్ ఫంక్షన్ లోపల ఆ పేరు కనిపిస్తే మామూలు లెక్సర్ దాన్ని తీసివేత అనుకుంటుంది. వోల్టేజ్, కరెంట్ ఫంక్షన్ల బ్రాకెట్లోకి అడుగు పెట్టగానే లెక్సర్ నోడ్ పేర్లు చదివే స్థితికి మారాలి, బ్రాకెట్ మూయగానే వెనక్కి రావాలి. చిన్న మార్పే, కానీ నా ఫోల్డరులో పార్స్ కాని ఆప్‌యాంప్‌లలో ఎక్కువ భాగం దీనితోనే దారికొచ్చాయి.

మెట్టు 4: మధ్యలో మీ సొంత రూపం

మూల ఫైలు టెక్స్టు నుంచి గమ్యం టెక్స్టుకు నేరుగా వెళ్లకండి. మధ్యలో ఏ సిమ్యులేటర్‌కూ చెందని డేటా నిర్మాణం పెట్టుకోండి. అందులో పేర్లు, నోడ్లు, విలువలు, ఎక్స్‌ప్రెషన్ చెట్లు ఉంటాయి. ముఖ్యంగా అక్కడ ప్రతిదానికీ అర్థం ఒక్కటే ఉండాలి. పవర్ ఫంక్షన్‌ను మూలంలోని పేరుతో నిల్వ చేయవద్దు. "పరమ విలువ మీద ఘాతం", "గుర్తు నిలుపుకునే ఘాతం" అని రెండు వేర్వేరు రకాలుగా పెట్టండి. ఎందుకో వచ్చే మెట్టులో కనిపిస్తుంది.

అంకెను మాత్రం విలువతో పాటు అసలు రాతను కూడా దాచుకోండి. 4.7 మైక్రో లోపలికి వెళ్లి 4.69999 అయి బయటకు వస్తే లెక్కకు నష్టం లేకపోవచ్చు, చదివే ఇంజనీరుకు మాత్రం మీ సాధనం మీద నమ్మకం పోతుంది. కామెంట్లు కూడా తీసుకెళ్లండి. మోడల్ హద్దులు, పిన్ల వరుస, ఏయే లక్షణాలు చేర్చలేదో కంపెనీలు అక్కడే రాస్తాయి.

మెట్టు 5: అర్థం మారే చోట్లు

ఇక్కడ తొందర పడవద్దు. మొత్తం సమయంలో సగం ఇక్కడే పోతుంది, పోవాలి కూడా.

నా వారం తిన్న గ్రౌండ్ సంగతి ఇదీ. పీస్పైస్‌లో గ్రౌండ్ అంటే సున్నా అనే నోడ్ ఒక్కటే. ఎన్‌జీస్పైస్, ఎల్‌టీస్పైస్, హెచ్‌స్పైస్‌లు జీఎన్‌డీ అనే పేరును కూడా సున్నాగానే తీసుకుంటాయి. రెగ్యులేటర్ మోడల్‌లో మూడో పిన్ పేరు జీఎన్‌డీ. పీస్పైస్‌కు అది మామూలు పిన్. గమ్యంలో అది సబ్‌సర్క్యూట్ లోపలే అసలు గ్రౌండుకు అతుక్కుపోయింది. ఆ పిన్‌ను నేరుగా గ్రౌండుకు కలిపినంతకాలం తేడా తెలియదు. అవుట్‌పుట్ పెంచడానికి పిన్ కింద ఒక రెసిస్టర్ పెట్టగానే లెక్క తప్పింది. పరిష్కారం ఒక్క లైను: అలాంటి పేరున్న స్థానిక నోడ్‌ను వేరే పేరుకు మార్చి, ఆ మార్పును రిపోర్టులో రాయడం.

ఫంక్షన్లది మరో కథ. పీస్పైస్‌లో పీడబ్ల్యూఆర్ ఫంక్షన్ మొదటి విలువ గుర్తు వదిలేసి పరమ విలువకు ఘాతం వేస్తుంది. గుర్తు నిలుపుకోవాలంటే పీడబ్ల్యూఆర్‌ఎస్ ఉంది. హెచ్‌స్పైస్‌లో అదే పీడబ్ల్యూఆర్ గుర్తును నిలుపుకుంటుంది. పేరు ఒకటే, రుణ విలువ దగ్గర జవాబు ఎదురు. ^ గుర్తు ఎన్‌జీస్పైస్‌లో ఘాతం. పీస్పైస్, ఎల్‌టీస్పైస్ ఎక్స్‌ప్రెషన్లలో అది ఎక్స్‌క్లూజివ్ ఆర్, ఘాతానికి ** రాయాలి. లాగ్ ఫంక్షన్ పీస్పైస్‌లో సహజ సంవర్గమానం, వెరిలాగ్-ఏ అనే మోడల్ రాత భాషలో పది ఆధారం. వెరిలాగ్-ఏ వైపు మార్చేటప్పుడు ఒక్క ఫంక్షన్ పేరు వల్ల 2.303 రెట్ల తేడా వస్తుంది.

పాలీ సోర్సులు (ఇన్‌పుట్ల బహుపదిగా విలువ ఇచ్చే సోర్సులు) పాత ఆప్‌యాంప్ మోడళ్ల నిండా ఉంటాయి. 1974లో బాయిల్, కోన్, పెడర్సన్, సాలమన్ ప్రచురించిన ఆప్‌యాంప్ మాక్రోమోడల్ వారసులే అవన్నీ. రెండు ఇన్‌పుట్లున్న పాలీకి గుణకాల వరుస ఇది: స్థిరాంకం, మొదటి ఇన్‌పుట్, రెండో ఇన్‌పుట్, మొదటిదాని వర్గం, రెండిటి లబ్ధం, రెండోదాని వర్గం. 0 0 0 0 1 అని ఉంటే అది గుణకార యంత్రం. ఒక మినహాయింపు కూడా ఉంది: ఒకే ఇన్‌పుట్ ఉండి ఒకే గుణకం ఇస్తే అది స్థిరాంకం కాదు, ఇన్‌పుట్ ముందుండే గుణకం. దీన్ని మరిచిన కన్వర్టర్ యాంప్లిఫయర్‌ను బ్యాటరీగా మార్చేస్తుంది.

స్విచ్చుల దగ్గర సింటాక్స్ మార్పు ఏమాత్రం సరిపోదు. పీస్పైస్ వోల్టేజ్ స్విచ్‌కు ఆన్ వోల్టేజ్, ఆఫ్ వోల్టేజ్ ఇస్తారు. వాటి మధ్య నిరోధం మెత్తగా మారుతుంది. బర్క్లీ స్పైస్3 స్విచ్‌కు త్రెషోల్డ్, హిస్టెరిసిస్ ఇస్తారు. అది ఠక్కున మారుతుంది. రెండు వోల్టేజీల సగటు తీసుకుని త్రెషోల్డ్‌గా, తేడాలో సగం హిస్టెరిసిస్‌గా పెడితే సిమ్యులేటర్ ఒప్పుకుంటుంది, కానీ మెత్తటి స్విచ్ కాస్తా గుర్తుంచుకునే స్విచ్ అయిపోతుంది. గమ్యం ఎల్‌టీస్పైస్ అయితే హిస్టెరిసిస్‌ను రుణ సంఖ్యగా ఇవ్వండి. అప్పుడది మెత్తగా మారుతుంది. వేరేచోట కరెంట్ సోర్సుగా మీరే రాయాలి. లెక్క ఇలా:

ఎం = లన్(√(ఆన్ నిరోధం × ఆఫ్ నిరోధం))
ఆర్ = లన్(ఆన్ నిరోధం ÷ ఆఫ్ నిరోధం)
డీ = కంట్రోల్ వోల్టేజ్ − రెండు వోల్టేజీల సగటు
వీ = ఆన్ వోల్టేజ్ − ఆఫ్ వోల్టేజ్
స్విచ్ నిరోధం = ఎక్స్‌ప్(ఎం + 3·ఆర్·డీ ÷ (2·వీ) − 2·ఆర్·డీ³ ÷ వీ³)

ఇక్కడ లన్ అంటే సహజ సంవర్గమానం. డీ విలువ వీలో సగం అయినప్పుడు బ్రాకెట్లో ఎం + ఆర్/2 మిగులుతుంది, అంటే సరిగ్గా ఆన్ నిరోధం. ఈ సూత్రం రెండు వోల్టేజీల మధ్యే చెల్లుతుంది. అటూ ఇటూ దాటాక నిరోధం ఆగిపోయేలా కంట్రోల్ వోల్టేజ్‌కు హద్దు పెట్టండి. ఆన్ వోల్టేజ్ ఆఫ్ వోల్టేజ్ కంటే తక్కువున్న తిరగేసిన స్విచ్చులకూ ఇదే సూత్రం పనిచేస్తుంది, హద్దుల క్రమం మాత్రం చూసుకోండి.

మాస్‌ఫెట్‌కు ఏ సమీకరణాలు వాడాలో చెప్పే లెవల్ సంఖ్యలను పట్టికగా రాసుకోక తప్పదు. లెవల్ 1 అందరికీ ఒకటే. బీసిమ్3 అనే మాస్‌ఫెట్ మోడల్ పీస్పైస్‌లో 7, హెచ్‌స్పైస్‌లో 49, ఎన్‌జీస్పైస్, ఎల్‌టీస్పైస్‌లలో 8. బీసిమ్4 హెచ్‌స్పైస్‌లో 54, ఎన్‌జీస్పైస్, ఎల్‌టీస్పైస్‌లలో 14, పీస్పైస్‌లో 8. అంటే 8 అనే సంఖ్య ఒక చోట బీసిమ్3, మరో చోట బీసిమ్4. లెవల్‌ను అలాగే వదిలేస్తే వేరే సమీకరణాలకు ఈ పారామీటర్లు వెళతాయి. మధ్య రూపంలో సంఖ్య ఉంచకండి, మోడల్ కుటుంబం పేరు, వెర్షన్ ఉంచండి. ట్రాన్సిస్టర్ కొలతలను బట్టి చుక్క, అంకెతో విడదీసిన మోడళ్లుంటే పేరు మార్చేటప్పుడు ఆ తోకను అలాగే ఉంచండి.

పారామీటర్ల పరిధి కూడా మారుతుంది. ఒకే పేరున్న పారామీటర్ పైన ఒకటి, సబ్‌సర్క్యూట్ లోపల ఒకటి ఉంటే పీస్పైస్‌లో లోపలిది నెగ్గుతుంది. హెచ్‌స్పైస్ సహజంగా పైదాన్ని నెగ్గనిస్తుంది. దాన్ని మార్చడానికి ఒక ఆప్షన్ ఉంది. ఆ ఆప్షన్ మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే వాడేవారి ప్రధాన ఫైలు దాన్ని తిరగరాయగలదు. లోపలి పారామీటర్లకు సబ్‌సర్క్యూట్ పేరు ముందు తగిలించి మార్చేయడమే నేను చేసేది.

స్పెక్టర్ వైపు వెళ్లేటప్పుడు పెద్ద, చిన్న అక్షరాలను ఒకే రూపానికి తెండి. అటునుంచి వచ్చేటప్పుడు అక్షరం సైజులోనే తేడా ఉన్న రెండు నోడ్లు ఒకటైపోకుండా పేర్లు మార్చండి. స్పెక్టర్‌లో కాంపోనెంట్ పేరు మొదటి అక్షరానికి అర్థం లేదు, స్పైస్‌లో అదే కాంపోనెంట్ రకం.

మెట్టు 6: బయటకు రాయడం

ఇది తేలిక. ఎక్స్‌ప్రెషన్లలో బ్రాకెట్లు ధారాళంగా పెట్టండి. రుణ గుర్తు, ఘాతం పక్కపక్కన వచ్చినప్పుడు ఏది ముందో సిమ్యులేటర్ నిర్ణయానికి వదలవద్దు. ఒక కాంపోనెంట్ నాలుగుగా విడిపోయినప్పుడు కొత్త లోపలి నోడ్లకు అసలు పేరు కనిపించేలా పేరు పెట్టండి. ఎల్‌టీస్పైస్ కెపాసిటర్ లైనులోనే సిరీస్ నిరోధం, సిరీస్ ఇండక్టెన్స్ రాయొచ్చు. వేరేచోట అవి విడి భాగాలవుతాయి.

ప్రతి ఫైలుతో రిపోర్టు ఇవ్వండి. ప్రతి మార్పూ మూడింటిలో ఒకటి: ఉన్నదున్నట్టు మారింది, దగ్గరి రూపంతో మారింది, మార్చలేకపోయాం. మూడోది ఒక్కటున్నా అవుట్‌పుట్ ఫైలు రాయకుండా ఆగాలన్నది నా గట్టి అభిప్రాయం. మార్చలేని లైనును కామెంట్‌గా మార్చి ముందుకు సాగే సాధనాలున్నాయి. ఆ కామెంట్‌ను ఎవరూ చదవరు, సర్క్యూట్ మాత్రం రన్ అవుతుంది.

మెట్టు 7: రెండు వైపులా రన్ చేసి పోల్చండి

టెక్స్టును టెక్స్టుతో పోల్చే పరీక్షలు పార్సర్‌కు పనికొస్తాయి. మోడల్ సరిగ్గా మారిందో లేదో తరంగాలే చెప్పాలి. ప్రతి రకానికీ చిన్న పరీక్ష సర్క్యూట్ రాయండి. డయోడ్‌కు వోల్టేజ్ స్వీప్ చేసి, కరెంట్‌ను లాగ్ స్కేలు మీద పోల్చండి. మామూలు స్కేలు మీద లీకేజ్ ప్రాంతం కనబడనే కనబడదు. ఆప్‌యాంప్‌కు ఓపెన్ లూప్ గెయిన్, ఫేజ్, స్లూ రేటు. రెగ్యులేటర్‌కు ప్రతి పిన్‌నూ గ్రౌండ్ నుంచి ఒక వోల్టు ఎత్తి మరోసారి రన్ చేయండి. ఈ ఒక్క అలవాటు ఉండుంటే నా వారం మిగిలేది.

పోల్చే ముందు రెండు సిమ్యులేటర్ల సహజ విలువలు ఒకటి చేయండి. ఉష్ణోగ్రత సాధారణంగా 27 డిగ్రీల సెల్సియస్, సాపేక్ష సహనం 0.001, జీమిన్ (సిమ్యులేటర్ తానుగా జంక్షన్లకు చేర్చే కనీస కండక్టెన్స్) పది టు ది పవర్ మైనస్ 12. అయినా స్పష్టంగా రాయండి. ఎల్‌టీస్పైస్ ఇండక్టర్‌కు మీరు చెప్పకపోయినా 1 మిల్లీఓమ్ సిరీస్ నిరోధం పెడుతుంది. హై క్యూ రెజొనెన్స్ సర్క్యూట్‌లో ఆ మిల్లీఓమ్ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అది మీ కన్వర్టర్ తప్పు కాదు.

ట్రాన్సియెంట్ పోలికలో రెండు సిమ్యులేటర్లు ఒకే సమయ బిందువులు ఇవ్వవు. ఉమ్మడి సమయ గ్రిడ్ మీదికి ఇంటర్‌పోలేట్ చేసి, అనుమతించే తేడాను సాపేక్ష భాగం, స్థిర భాగం కలిపి లెక్కించండి. నిటారుగా లేచే అంచుల దగ్గర ఈ పద్ధతి మోసం చేస్తుంది: అంచు ఒక నానోసెకను జరిగితే వోల్టేజ్ తేడా పూర్తి స్వింగ్ అంత కనిపిస్తుంది. అక్కడ వోల్టేజీలను వదిలి, సగం మట్టాన్ని దాటిన సమయాలను పోల్చండి. సొంతంగా ఆసిలేట్ అయ్యే సర్క్యూట్లకైతే ఫ్రీక్వెన్సీ, యాంప్లిట్యూడ్ చాలు.

తిరుగు ప్రయాణం కూడా పెట్టండి: పీస్పైస్ చదివి మళ్లీ పీస్పైస్‌గానే రాస్తే ఫలితం మారకూడదు. గమ్యం సిమ్యులేటర్ లేకుండానే లెక్సర్, పార్సర్ తప్పుల్లో చాలావాటిని ఇదే బయటపెడుతుంది. ఎవరైనా తప్పు చూపించిన ప్రతిసారీ ఆ తప్పు చేసే అతి చిన్న నెట్‌లిస్ట్‌ను తయారుచేసి పరీక్షల్లో చేర్చండి, ఆ తర్వాతే కోడ్ దిద్దండి.

తాళం వేసిన మోడళ్లు

కొన్ని ఫైళ్లలో సబ్‌సర్క్యూట్ మధ్య భాగం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. మొదలు, ముగింపు గుర్తులు కనబడగానే ఆగి, ఆ సంగతి వాడేవారికి చెప్పండి. దాన్ని తెరిచే ప్రయత్నం మీ సాధనంలో ఉండకూడదు. మోడల్ ఇచ్చిన కంపెనీని వేరే ఫార్మాట్ అడగడమే దారి. తాళం లేని ఫైళ్లకూ మొదట్లో లైసెన్స్ వాక్యాలుంటాయి. వాటిని ఒక్క అక్షరం మార్చకుండా అవుట్‌పుట్ పైభాగంలో ఉంచి, వాటి కింద మూల ఫైలు పేరు, దాని హాష్, కన్వర్టర్ వెర్షన్, రిపోర్టులో "దగ్గరి రూపంతో మారింది" అన్న లైన్ల నంబర్లు కామెంట్‌గా రాయించండి. రెండేళ్ల తర్వాత ఆ ఫైలును తెరిచేవారి చేతిలో మీ రిపోర్టు ఉండకపోవచ్చు, ఈ నాలుగు లైన్లు ఉంటాయి.